చెప్పుకున్న మాట ఎవరిది?

సైకియాట్రిస్టుకు వచ్చే ఫోన్లలో రోగులు చేసేవి కొన్నే. మిగతావి రోగి గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లవి. సంబంధం చూస్తున్నవాళ్లు "ఆ అమ్మాయి మీ దగ్గర మందులు వాడిందట, నిజమేనా డాక్టరుగారూ" అని అడుగుతారు. కాలేజీ ప్రిన్సిపాల్ "ఆ కుర్రాణ్ని హాస్టల్లో ఉంచుకోవచ్చా" అంటాడు. విడాకుల కేసు నడుపుతున్న వకీలు పాత కేసు షీటు జిరాక్సు కావాలంటాడు. బీమా కంపెనీవాళ్లు జబ్బు పేరు రాసిమ్మంటారు. ఊరి పెద్దమనిషి ఒకాయన "మావాడే కదా, నాతో చెబితే తప్పేముంది" అంటాడు. వీళ్లలో కీడు తలపెట్టి అడిగేవాళ్లు తక్కువ. మంచి కోరి అడిగేవాళ్లే ఎక్కువ కాబట్టి కాదనడం కష్టం.

మానసిక వైద్యుడు, సైకాలజిస్టు, కౌన్సెలరు తమ గదిలో విన్న మాటను ఎంతవరకు దాచాలి, ఎప్పుడు ఎవరికి చెప్పాలి అన్నదానికి మన దేశంలో ఇప్పుడు చట్టమే ఉంది. అది చాలావరకు మంచి చట్టం. అయితే అది ఆసుపత్రిలో ఉన్నంత గట్టిగా కౌన్సెలింగ్ గదిలో లేదు, కోర్టు బోనులో అసలే లేదు. ఇంటి విషయంలో మాత్రం అది రోగి చేతికే తాళంచెవి ఇచ్చింది. ఆ సంగతి రోగికి చెప్పేవాళ్లే కరువు.

గోప్యత మనకు పడమటి నుంచి వచ్చిన పట్టింపు అనుకునేవాళ్లు చరకసంహిత విమానస్థానం చూడాలి. వైద్యం నేర్చుకునే శిష్యుడికి గురువు చెప్పే నియమాల్లో, రోగి ఇంట్లో చూసినవీ విన్నవీ బయట చెప్పరాదన్నది ఒకటి. గ్రీకుల హిపోక్రటిస్ ప్రమాణంలోనూ అదే ఉంది. 1948 నాటి జెనీవా ప్రకటనకు తర్వాత చేసిన సవరణలు రోగి చనిపోయాక కూడా ఆ మాట కాపాడాలన్నాయి.

అన్ని జబ్బులకూ ఉన్న నియమమే ఇది. మనసు జబ్బు దగ్గరికి వచ్చేసరికి బరువు మారుతుంది. కాలు విరిగినవాడి ఎక్స్‌రే పక్కింటివాళ్లు చూస్తే పరామర్శకు వస్తారు. డిప్రెషన్‌కు మందు వాడుతున్నాడని తెలిస్తే పిల్లనివ్వరు, ఆస్తి పంపకంలో సంతకం చెల్లదంటారు, ఆఫీసులో పెద్ద పని అప్పగించరు. హైదరాబాదులో మానసిక ఆసుపత్రి ఉన్న 'ఎర్రగడ్డ' అన్న పేటపేరే తిట్టుగా మారిన తీరు మనకు తెలిసిందే. పైగా ఈ వైద్యంలో పరీక్షా మందూ రెండూ మాటే. రోగి దాచితే డాక్టరుకు రక్తపరీక్ష చెప్పేదేమీ ఉండదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కన జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. డాక్టర్ల కొరత అందుకు పెద్ద కారణం. నలుగురి నోళ్లలో పడతామన్న భయమూ అందులో ఉంది.

23వ సెక్షన్ ఏమంటోంది

వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారత్ 2007లో ఆమోదించింది. వైద్య సమాచారం గోప్యంగా ఉండాలని ఆ ఒడంబడిక 22వ అధికరణం చెబుతుంది. దానికి తగ్గట్టు పాత 1987 చట్టాన్ని పక్కనబెట్టి తెచ్చిందే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. అమల్లోకి వచ్చింది 2018లో.

ఆ చట్టం 23వ సెక్షన్ గోప్యతను వైద్యుడి మర్యాదగా కాక రోగి హక్కుగా రాసింది. మానసిక ఆరోగ్యం, చికిత్స, శారీరక వైద్యం, అన్నిటికీ అది వర్తిస్తుంది. మినహాయింపులూ అక్కడే ఉన్నాయి. రోగి తరఫున నియమితుడైన ప్రతినిధికి తన బాధ్యత నెరవేర్చేందుకు కావలసినంత చెప్పవచ్చు. చికిత్స చేస్తున్న ఇతర వైద్యులకు చెప్పవచ్చు. మరొకరిని హాని నుంచి, హింస నుంచి కాపాడాల్సి వస్తే చెప్పవచ్చు. ప్రాణాపాయం తప్పించడానికి చెప్పవచ్చు. మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు, కేంద్ర ప్రాధికార సంస్థ, హైకోర్టు, సుప్రీంకోర్టు, లేదా ఆ అధికారం ఉన్న మరో చట్టబద్ధ సంస్థ ఆదేశిస్తే ఇవ్వాలి. చివరిది ప్రజల భద్రత. ఈ చివరి మాటను చట్టం ఎక్కడా విడమరచలేదు. అది ఎంతవరకైనా సాగే మాట, ఎవరి చేతిలో పడితే వాళ్ల అర్థం.

అయితే మినహాయింపు దొరికింది కదా అని ఫైలు మొత్తం అందించడానికి వీల్లేదు. హాని తప్పించడానికి ఎంత కావాలో అంతే చెప్పాలని చట్టం విడిగా రాసింది. భర్తను చంపుతానని ఒకావిడ డాక్టరు ముందు గట్టిగా అన్నదనుకుందాం. ఆ భర్తకు ప్రమాదం గురించి చెప్పవచ్చు. ఆమెకు పెళ్లికి ముందున్న స్నేహం గురించి చెప్పకూడదు.

24వ సెక్షన్ ప్రకారం ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటో గానీ వివరాలు గానీ అతని అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వరాదు. కంప్యూటర్లో దాచిన సమాచారానికీ ఇదే నియమం. 25వ సెక్షన్ రోగి తన రికార్డు తాను చూసుకునే హక్కు ఇస్తుంది. చూస్తే అతనికి తీవ్రమైన మానసిక హాని కలుగుతుందనో, ఇతరులకు ప్రమాదమనో అనిపిస్తే డాక్టరు ఆ భాగాన్ని ఆపవచ్చు. ఆపితే, బోర్డుకు వెళ్లే హక్కు ఉందని రోగికి చెప్పి తీరాలి. చట్టాన్ని మీరితే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ మీరితే రెండేళ్ల దాకా, ఐదు లక్షల దాకా.

దీనికి తోడు డాక్టర్లకు 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ఉంది. 2023లో దాని స్థానంలో కొత్తది ప్రకటించి, మూడు వారాలకే నిలిపివేశారు. కాబట్టి నడుస్తున్నది పాతదే. న్యాయాధికారి ఆదేశం, గుర్తించదగిన వ్యక్తికో సమాజానికో తీవ్ర ప్రమాదం, ప్రభుత్వానికి తెలపాల్సిన అంటువ్యాధి, ఈ మూడు సందర్భాల్లో తప్ప రోగి రహస్యం బయటపెట్టకూడదని అది అంటుంది.

బోర్డు మీద 'కౌన్సెలర్' అని రాసుంటే

చట్టం దృష్టిలో మానసిక ఆరోగ్య నిపుణులంటే ముఖ్యంగా సైకియాట్రిస్టు, రాష్ట్ర ప్రాధికార సంస్థలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ నర్సు, సైకియాట్రిక్ సోషల్ వర్కరు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలోనూ నమోదు ఉండాలి. మన నగరాల్లో 'ఫ్యామిలీ కౌన్సెలింగ్', 'లైఫ్ కోచ్', 'హీలింగ్ సెంటర్' బోర్డులు పెట్టినవాళ్లలో ఎంతమంది ఈ జాబితాలోకి వస్తారో పాఠకులే ఊహించవచ్చు. 23వ సెక్షన్ 'ఆరోగ్య వృత్తి నిపుణులందరికీ' అంటుంది గనుక వాళ్లనూ లాగవచ్చని వాదించేవారున్నారు. కానీ అది వాదించి తేల్చుకోవాల్సిన విషయం. చీటీలో కనిపించే నమోదు నంబరు లేనివాడిపై ఏ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తాం?

ఇంకో మెలిక ఉంది. ఆ హక్కు 'మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తి'ది. చట్టం ఇచ్చిన నిర్వచనంలో ఆ అనారోగ్యం ఆలోచననూ, వివేచననూ, రోజువారీ జీవితాన్నీ బాగా దెబ్బతీసినది అయి ఉండాలి. పరీక్షల భయంతో, ప్రేమ చెడిన దిగులుతో కౌన్సెలింగ్‌కు వెళ్లిన మనిషి అందులోకి వస్తాడా? రాకపోతే స్కిజోఫ్రెనియా ఉన్నవాడికి దొరికే రక్షణ ఇతనికి దొరకదు. తేలికపాటి బాధ ఉన్నవాళ్లే కౌన్సెలర్ల దగ్గరికి ఎక్కువగా వెళతారు. రక్షణ పలచనైందీ అక్కడే. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం మిగతా సైకాలజిస్టులనూ కౌన్సెలర్లనూ ఒక పట్టికలోకి తెచ్చి నమోదు చేయాలంది. ఆ నమోదు పూర్తిస్థాయిలో జరిగితే ఈ లోటు కొంత తీరుతుంది.

గదిలో కూర్చున్నది ఎవరు?

ఇక అసలు సంగతికి వద్దాం. మన ఊళ్లలో సైకియాట్రిస్టు గదిలోకి రోగి ఒక్కడూ వెళ్లడు. అమ్మ, మామయ్య, ఒక్కోసారి బావమరిది కూడా వెంట వెళతారు. "ఎలా ఉంది నిద్ర" అని డాక్టరు అడిగితే అమ్మ జవాబు చెబుతుంది. ప్రభుత్వాసుపత్రి ఓపీలో అయితే తర్వాతి చీటీవాళ్లు కూడా తలుపు దగ్గర నిలబడి వింటుంటారు. పేరు కేకేసి పిలిచేటప్పుడే సగం గోప్యత పోతుంది. మందుల షాపులో చీటీ ఇస్తే మిగతా సగం. ఆల్‌ప్రాజొలామ్, డయాజెపామ్ లాంటి మందులు హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి గనుక కొన్నవాళ్ల పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలన్నది నియమం. దుర్వినియోగం ఆపడానికి అది అవసరమే. కానీ చిన్న ఊళ్లో ఆ రిజిస్టరు రాసేది మన వీధివాడే.

కుటుంబాన్ని గెంటేయమని ఎవరూ అనరు. మందు వేయించేది వాళ్లే, డబ్బు పెట్టేది వాళ్లే, రాత్రి కాపలా ఉండేది వాళ్లే. పడమటి దేశాల్లో సంరక్షణ కేంద్రాలు చేసే పనిని ఇక్కడ తల్లులు చేస్తున్నారు. అందుకే "మా పిల్లాడి విషయం మాకు చెప్పకపోతే ఎలా" అన్న తల్లి కోపంలో న్యాయం ఉంది. అదే గదిలో, మామగారు చేయి పట్టుకున్నాడన్న సంగతి చెప్పాలని వచ్చి, అత్తగారు పక్కనే కూర్చోవడంతో "తలనొప్పి అండీ" అని మాత్రం చెప్పి వెళ్లిపోయే కోడలూ ఉంటుంది. మొదటి తల్లిని దృష్టిలో పెట్టుకుని నియమం రాస్తే ఈ కోడలికి అన్యాయం, ఈ కోడలిని చూసి రాస్తే ఆ తల్లికి కష్టం.

2017 చట్టం ఈ ముడి విప్పడానికి మంచి దారే వెతికింది. తన తరఫున ఎవరికి చెప్పాలో రోగినే ఎంచుకోమంది. 14వ సెక్షన్ ప్రకారం మైనరు కాని ఎవరైనా తమకు నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌ను, అంటే నియమిత ప్రతినిధిని పెట్టుకోవచ్చు. జబ్బు వివరాలు, చికిత్స వివరాలు అడిగే హక్కు ఆ ప్రతినిధికి ఉంటుంది. నచ్చకపోతే రద్దుచేసి మరొకరిని పెట్టుకోవచ్చు. స్నేహితురాలైనా సరే, అక్క అయినా సరే. భర్తే కావాలని లేదు.

ఎంచుకోకపోతే ఏమవుతుంది? చట్టమే ఒక వరస రాసింది. జబ్బు చేస్తే తనకు ఎలాంటి చికిత్స కావాలో ముందే రాసిపెట్టుకునే 'ముందస్తు ఆదేశం'లో పేర్కొన్న వ్యక్తి, లేకపోతే బంధువు, ఆ తర్వాత సంరక్షకుడు, ఆ తర్వాత బోర్డు నియమించేవాళ్లు. బంధువు అంటే రక్తసంబంధం, వివాహం, దత్తత ఏదైనా. అంటే ఆవిడ కాగితం రాయకపోతే, ఎవరి బాధ పడలేక డాక్టరు దగ్గరికి వచ్చిందో ఆ భర్తే ఆమె ప్రతినిధిగా చెలామణీ కావచ్చు. ఆమె వివరాలు అతనికి చట్టబద్ధంగానే చేరవచ్చు. మొదటిరోజు ఓపీ చీటీతో పాటు ఈ కాగితం కూడా ఇచ్చి నింపించుకోవడం ఏ ఆసుపత్రికైనా ఐదు నిమిషాల పని. అది రివాజుగా మారకపోవడం మన వ్యవస్థలో నాకు కనిపించే పెద్ద తప్పు.

ఈ వివరాలు చేతికి చిక్కినవాళ్లు ఏం చేస్తారో విడాకుల కోర్టుల్లో చూడొచ్చు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ తీవ్రమైన మానసిక రుగ్మతను విడాకులకు కారణంగా ఒప్పుకుంటుంది. దాంతో మందుల చీటీలే సాక్ష్యాలుగా దాఖలవుతాయి. 1988లో రామ్‌నారాయణ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, జబ్బు పేరొక్కటే చాలదు, కలిసి బతకలేనంత తీవ్రత రుజువు కావాలంది. 2003లో శారద వర్సెస్ ధరంపాల్ కేసులో, బలమైన ఆధారం ఉంటే వైద్యపరీక్షకు హాజరుకమ్మని వివాహ న్యాయస్థానం ఆదేశించవచ్చనీ, అది వ్యక్తిగత స్వేచ్ఛకు భంగం కాదనీ చెప్పింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా తేల్చాక, ఆ 2003 తీర్పును కొత్త కళ్లతో చూడాల్సి ఉంది. 2017 చట్టం 105వ సెక్షన్ ఒక చిన్న అడ్డుకట్ట వేసింది. మానసిక అనారోగ్యం రుజువంటూ ఒక పక్షం చూపించినదాన్ని ఎదుటిపక్షం కాదంటే, కోర్టు దాన్ని సమీక్షా బోర్డుకు పంపాలి. దీన్ని వాడుకోవాలని ఎంతమంది వకీళ్లకు తడుతుందో!

పెళ్లిచూపుల ప్రశ్న దగ్గర మాత్రం డాక్టరుకు సందిగ్ధం అక్కర్లేదు. రోగి ఒప్పుకోనిదే "అవును" అనకూడదు, "కాదు" అనకూడదు. "నా దగ్గరికి రానేలేదు" అన్న అబద్ధమూ ఆడకూడదు. వచ్చారో లేదో కూడా చెప్పనంటే చాలు. నిజం దాచి చేసిన పెళ్లిని మోసమంటూ తర్వాత రద్దుచేయించే వీలు చట్టంలో ఉంది కాబట్టి, తామే చెప్పుకోవడం మేలని ఆ కుటుంబానికి నచ్చజెప్పడం మంచి డాక్టరు పని.

బోనెక్కితే

లాయరుతో చెప్పుకున్న మాటకు మన సాక్ష్య చట్టం రక్షణ ఇచ్చింది. భార్యాభర్తలు ఒకరితో ఒకరు చెప్పుకున్న మాటకూ ఇచ్చింది. 1872 చట్టం పోయి 2023లో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చినా ఆ రెండూ 128, 132 సెక్షన్లలో అలాగే ఉన్నాయి. డాక్టరుతో చెప్పుకున్న మాటకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. న్యాయమూర్తి చెప్పమంటే సైకియాట్రిస్టు చెప్పాల్సిందే. అమెరికా సుప్రీంకోర్టు 1996లో జాఫీ వర్సెస్ రెడ్మండ్ కేసులో, చికిత్సలో చెప్పుకున్న మాటను ఫెడరల్ కోర్టుల్లో బలవంతంగా చెప్పించకూడదని తీర్పిచ్చింది. కొత్త సాక్ష్య చట్టం రాసుకున్నప్పుడు మనమూ అలాంటి సెక్షన్ ఒకటి చేర్చుకోవాల్సింది. వలసపాలన ఆనవాళ్లు చెరిపేస్తున్నామని చెప్పుకున్న చట్టమే ఈ విషయంలో 1872 దగ్గరే ఆగిపోయింది.

పోలీసుల సంగతి వేరు. దర్యాప్తులో పత్రాలు రాతపూర్వకంగా అడిగే అధికారం నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ వాళ్లకిస్తుంది. 23వ సెక్షన్ చెప్పిన 'అధికారం ఉన్న చట్టబద్ధ సంస్థ'లో స్టేషను ఆఫీసరు ఉన్నాడో లేదో స్పష్టంగా రాయలేదు. ఫోను చేసి అడిగితే మాత్రం ఇవ్వాల్సిన పని లేదు. రాతలో అడగమనడం, ఇవ్వాల్సింది కోర్టుకే సీలు కవరులో ఇవ్వడం తెలివైన పద్ధతి.

చెప్పి తీరాల్సిన సందర్భాలు

ఈ అంశం చదివే ప్రతి విద్యార్థికీ చెప్పే అమెరికా కేసు ఒకటుంది. అందులో నిందితుడు భారతీయుడే కావడం విశేషం. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ప్రసేన్‌జిత్ పొద్దార్, తనను కాదన్న తతియానా తారాసాఫ్‌ను చంపుతానని 1969లో తన థెరపిస్టుతో అన్నాడు. థెరపిస్టు క్యాంపస్ పోలీసులకు చెప్పాడు. వాళ్లు పొద్దార్‌ను పట్టుకుని మాట్లాడి, బాగానే ఉన్నాడని వదిలేశారు. ఆ అమ్మాయికి గానీ తల్లిదండ్రులకు గానీ ఎవరూ చెప్పలేదు. అక్టోబరులో అతను ఆమెను చంపాడు. తల్లిదండ్రులు వేసిన దావాలో 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ప్రమాదంలో ఉన్న వ్యక్తిని కాపాడే బాధ్యత థెరపిస్టుకు ఉందని తేల్చింది. ఇక్కడ చాలామంది ఆ తీర్పు మనకూ వర్తిస్తుందనుకుంటారు. వర్తించదు. మన 23వ సెక్షన్ చెప్పడానికి అనుమతి ఇచ్చింది గానీ చెప్పి తీరాలనలేదు. అయినా కళ్లముందు ప్రమాదం ఉండి నోరుమూసుకున్న డాక్టరును నిర్లక్ష్యం కింద కోర్టుకు లాగరన్న హామీ ఏమీ లేదు.

మన సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన 'మిస్టర్ ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జెడ్' తీర్పు ఈ దారిలోదే. ఒకరికి హెచ్ఐవీ ఉన్న సంగతి ఆసుపత్రి నుంచి బయటపడి పెళ్లి ఆగిపోయింది. పెళ్లాడబోయే స్త్రీ ప్రాణహక్కు ముందు అతని గోప్యత నిలవదంది కోర్టు. మనసు జబ్బుల కేసుల్లోనూ ఈ తీర్పును చూపిస్తుంటారు. అంటుకునే వైరసునూ అంటుకోని డిప్రెషన్‌నూ ఒక గాటన కట్టడం తప్పు. డిప్రెషన్ ఉన్న మనిషిని పెళ్లాడితే ఎదుటివారి ప్రాణానికి ప్రమాదమని ఏ వైద్యశాస్త్రమూ చెప్పదు.

అనుమతి కాదు, కచ్చితంగా చెప్పాల్సిందే అన్న చట్టం ఒకటుంది, పోక్సో. 18 ఏళ్లలోపువారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనిపించినా పోలీసులకు తెలపాలని 2012 నాటి ఆ చట్టం 19వ సెక్షన్. తెలపకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. పిల్లలను కాపాడటానికి ఇది అవసరం, దాన్ని శంకించడం లేదు. కానీ గదిలో ఏమవుతుందో చూడండి. పదహారేళ్ల పిల్ల కౌన్సెలరుతో బాబాయి సంగతి చెప్పడానికి నోరు తెరుస్తుంది. ఆ మాట విన్న తర్వాత పోలీసులకు చెప్పక తప్పదని కౌన్సెలరు ముందే చెబితే ఆమె నోరు మూసేస్తుంది. చెప్పకుండా విని తర్వాత ఫిర్యాదు చేస్తే నమ్మకద్రోహం. ముందే చెప్పడం నైతికంగా సరైనదన్నది వృత్తిలో ఎక్కువమంది మాట, నా మాట కూడా. అయితే ఎలా చెప్పాలన్నదానికి శిక్షణ కావాలి. పరస్పర ఇష్టంతో దగ్గరైన పదిహేడేళ్లవాళ్ల సంగతి ఇంకా చిక్కు. 2022లో గర్భస్రావం కేసులో సుప్రీంకోర్టు కొంత ఊరట ఇచ్చింది. అలాంటి మైనరుకు వైద్యం చేసే డాక్టరు ఫిర్యాదులో ఆమె పేరూ గుర్తింపూ ఇవ్వనక్కర్లేదంది. కౌన్సెలర్ల గురించి ఆ తీర్పు ఏమీ అనలేదు. ముప్పై ఐదేళ్ల మనిషి తన చిన్నతనంలో జరిగింది ఇప్పుడు చెబితే ఫిర్యాదు చేయాలా అన్నదానిపైనా వృత్తిలో ఏకాభిప్రాయం లేదు.

ఆత్మహత్య ఆలోచన విషయంలో చట్టం సూటిగానే ఉంది. ప్రాణాపాయం తప్పించడానికి కావలసినంత చెప్పవచ్చు. ఇంట్లో పురుగుమందు డబ్బా తీసేయమని, ఈ రెండు రాత్రులు ఒంటరిగా వదలొద్దని చెప్పడానికి కారణాల చిట్టా విప్పనక్కర్లేదు. ప్రయత్నం చేసి బతికినవాళ్లను నేరస్థులుగా చూసే రోజులూ పోయాయి. 2017 చట్టం 115వ సెక్షన్ వాళ్లు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంది. 2024 జులై 1న పాత శిక్షాస్మృతితో పాటు, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న 309వ సెక్షనూ పోయింది. భారతీయ న్యాయసంహితలో మిగిలింది, ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణ నుంచి ఆపడానికి చేసే ప్రయత్నానికి శిక్ష మాత్రమే. ఆసుపత్రి క్యాజువాల్టీలో ఇంకా పోలీసు భయం కనిపిస్తే అది అలవాటు వల్లే.

కాలేజీ, కంపెనీ, ఫోను

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత ఉన్న కౌన్సెలరునో సైకాలజిస్టునో సోషల్ వర్కరునో పెట్టుకోవాలంది. ఎంతమందికి సాయం అందించారన్న వార్షిక లెక్కలు పేర్లు లేకుండా రాయాలంది. పేర్లు లేకుండా అన్న షరతు చిన్నదిగా కనిపిస్తుంది గానీ దాని వెనక పెద్ద ప్రశ్న ఉంది. మన ఇంటర్ కార్పొరేట్ కాలేజీలో కౌన్సెలరుకు జీతమిచ్చేది యాజమాన్యం. "ఏ పిల్లలు డల్‌గా ఉన్నారో లిస్టివ్వండి" అని ఏజీఎం అడిగితే ఆ కౌన్సెలరు ఏం చేయాలి? తన క్లయింటు ఎవరో మొదటిరోజే రాతలో తేల్చుకోకపోతే పిల్లల మాటలు స్టాఫ్‌రూములో తేలతాయి. ఐటీ కంపెనీల్లో హెచ్‌ఆర్ పెట్టించే కౌన్సెలింగ్‌కూ ఇదే వర్తిస్తుంది.

మైనరు విషయంలో చట్టం తల్లిదండ్రుల పక్షమే. సంరక్షకులే నియమిత ప్రతినిధులు. కాబట్టి పదిహేడేళ్లవాడికి అమ్మానాన్నల నుంచి దాచుకునే హక్కు చట్టంలో దాదాపు లేదు. అనుభవమున్న థెరపిస్టులు మొదటి రోజే ముగ్గురినీ కూర్చోబెట్టి, ప్రాణానికి ప్రమాదమైతే చెబుతాను, సిగరెట్టు సంగతైతే చెప్పను అని ఒప్పందం చేసుకుంటారు. అమెరికాలో చదువుతున్న మన పిల్లల దగ్గర కథ తిరగబడుతుంది. గుంటూరు నుంచో ఖమ్మం నుంచో తండ్రి ఫోను చేసి "ఫీజు కడుతున్నది నేనే, మా అబ్బాయి మీ దగ్గరికి వస్తున్నాడా" అని అడిగితే అక్కడి యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటరు, 18 దాటిన ఆ విద్యార్థి సంతకం లేనిదే, వస్తున్నాడో లేదో కూడా చెప్పదు. మన తల్లిదండ్రులకు అది రాతిగుండెలా తోస్తుంది. కానీ ఆ నియమం ఉందన్న ధైర్యంతోనే అబ్బాయి ఆ తలుపు తట్టి ఉండవచ్చు.

2022 అక్టోబరు నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 తెలుగులోనూ పలుకుతోంది. దూరాభారం తగ్గింది, ఎవరైనా చూస్తారన్న బెంగా తగ్గింది. మరోపక్క వాట్సాప్‌లో మందుల చీటీలు, యాప్‌లలో చాటింగులు, మూడుపూటలా మూడ్ లెక్కలు పెరిగాయి. 2011 నాటి ఐటీ నిబంధనలు మానసిక ఆరోగ్య సమాచారాన్ని సున్నితమైన డేటాగా విడిగా గుర్తించాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఆ ప్రత్యేక వర్గాన్నే తీసేసింది. 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పెట్టింది గానీ, షాపింగ్ చిట్టానూ డిప్రెషన్ చిట్టానూ ఒకే గంపలో వేసింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు.

చనిపోయినవారి గురించి చట్టం మౌనంగా ఉంది. 2020లో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మరణించాక అతని చికిత్స వివరాలు టీవీల్లో ఊరేగాయి, చికిత్సతో సంబంధమున్నవారి నుంచి ప్రకటన కూడా వచ్చింది. పుకార్లు ఆపాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. అది చూసిన వేలమంది రోగులు తమ డాక్టరు కూడా ఏదో ఒకరోజు ఇలాగే మైకు ముందు నిలబడతాడని అనుకుని ఉంటారు. 24వ సెక్షన్ మరణం తర్వాతా వర్తిస్తుందని ఒక్క వాక్యం చేర్చడానికి పార్లమెంటుకు పెద్ద శ్రమ ఉండదు.

సాక్ష్య చట్టంలో థెరపీ గది మాటకు రక్షణ, కౌన్సెలర్లందరికీ నమోదు, చనిపోయినవారికీ గోప్యత, ఈ మూడూ ప్రభుత్వం చేయాల్సినవి, ఎప్పటికి చేస్తుందో తెలియదు. మనం చేయగలిగింది ఇప్పుడే ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు మీ నమోదు నంబరేమిటి, నా మాటలు ఏ సందర్భంలో ఎవరికి చెబుతారు, నోట్సు ఎక్కడ దాస్తారు అని అడగండి. అడిగినందుకు చిరాకుపడే నిపుణుడి దగ్గర రెండోసారి కూర్చోనక్కర్లేదు. మీ వివరాలు ఎవరికి చెప్పవచ్చో మీరే రాసిపెట్టుకోండి. అందుకు జబ్బు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. స్టాంపు పేపరు, నోటరీ అక్కర్లేదు. 14వ సెక్షన్ అడిగేది ఒక తెల్లకాగితం, దాని మీద మీ సంతకమో వేలిముద్రో.